నాయన తీసుకోని టిప్పు

“అయ్యో తల్లీ! ఆ మధ్యలో కూర్చున్నది... మా నాయన కదండీ!”

చౌడేశ్వరి చేతిలోని పసుపు గిన్నె జారి పూజగది గడప మీద ఒలికిపోయింది. వరలక్ష్మీ వ్రతం నాటి పొద్దున పసుపు నేలపాలైతే అన్నపూర్ణమ్మ లాంటి అత్తగారు ఊరుకుంటుందా! ఇంకో రోజైతే ఆవిడ గొంతు హిందూపురం బజారు దాకా వినిపించేది. కానీ ఆ క్షణాన ఆవిడ కూడా కొడుకు చేతిలోని ఫోను వైపే గుడ్లప్పగించి చూస్తోంది. కలశానికి సగం కట్టిన చీర కుచ్చిళ్ళు పీట మీద అలాగే వేలాడుతున్నాయి.

వీడియో కాల్‌లో ధర్మవరం కనబడుతోంది. చౌడేశ్వరి భర్త సాయినాథ్ హోటళ్ళ నుంచి, వంటిళ్ళ నుంచి తిండి తెచ్చి ఇళ్ళకు అందించే కంపెనీ నడుపుతున్నాడు. దాని పేరు ‘గడపకాడికి’. హిందూపురంలో మొదలుపెట్టి, పెనుకొండకు పాకించి, ఈ ఏడే ధర్మవరంలో కూడా ఆఫీసు తెరిచాడు. ఇప్పుడా ఆఫీసు ముందు ఆకుపచ్చ టీషర్టులు వేసుకున్న డెలివరీ వాళ్ళంతా బండ్లకు స్టాండు వేసి, హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని నేల మీద బైఠాయించారు. వాళ్ళ నడుమ ఒక పాత ఎక్సెల్ బండికి ఆనుకుని, నెరిసిన మీసాలతో, భుజాలు జారిపోయే టీషర్టుతో... ఆంజనప్ప! పట్టుచీరలు నేసే ఆంజనప్ప! మగ్గం తప్ప లోకం తెలియని తన కన్నతండ్రి!

“మనోజ్! ఆ పెద్దాయన ఎవరప్పా?” సాయినాథ్ గొంతు కీచుమంది.

“ఆంజనప్ప సార్. ఎండాకాలం చివర్లో చేరినాడు. నెమ్మదైన మనిషి అనుకున్నా! ఈ పొద్దు అందర్నీ కూర్చోబెట్టింది ఆయనే సార్!” అన్నాడు ధర్మవరం మేనేజరు మనోజ్.

“ఆయన మా మామప్పా!”

“అమ్మతోడు సార్... నాకు తెల్దు! ఆయన ఒక్కమాట కూడా చెప్పలేదు!”

చెప్పడు! ఎందుకు చెబుతాడు! చౌడేశ్వరి రోజు విడిచి రోజు ఫోను చేస్తే “బాగుండాను పాపా, మగ్గం ఆడతాండాది, తింటాండాను” అనేవాడు కదా! అమ్మ పోయిన ఇంట్లో ఒక్కడే వండుకుని, ఒక్కడే తిని, ఎండలో ఊరంతా తిరిగి ఎవరెవరి గడపల ముందో నిలబడుతూ... నాతో ఎంత తియ్యగా అబద్ధమాడావు నాయనా!

అన్నపూర్ణమ్మకు అప్పటికి గొంతు తిరిగొచ్చింది. “ఏమమ్మా కోడలా! మీ నాయనకు ఏం తక్కువయిందని ఈ పని? వియ్యంకుడు ఇంటింటికీ పోయి టిప్పు కోసం చేయి చాపుతాండాడని తెలిస్తే మా బంధువుల్లో నా తల యాడ పెట్టుకోవల్ల! పోనీ, చేసేదేదో చేసె. సొంత అల్లుని కంపెనీ ముందరే అడ్డం కూర్చుంటాడా! అదీ పండగ పూట!”

ఆవిడ బాధ పరువు ఒక్కటే కాదు. ఆ పండగకు సాయినాథ్ పెద్ద ఎత్తే వేశాడు. వాయనం డబ్బాలు! ఓళిగలనే బొబ్బట్లు, శనగలు, రవికె గుడ్డ, తాంబూలం, అన్నీ ముచ్చటగా సర్ది, ఎవరు ఏ ముత్తైదువ పేరు చెబితే ఆవిడ ఇంటికి మధ్యాహ్నం లోపల చేరుస్తామని ఊరూరా పాంప్లెట్లు పంచాడు. పట్టుచీరల ఊరు కదా, ధర్మవరం ఆడవాళ్ళు ఎగబడి ఆర్డర్లు పెట్టారు. ఆ డబ్బాలన్నీ ఆఫీసులో గోడెత్తు పేర్చి ఉన్నాయి. మోసుకుపోయే వాళ్ళు మాత్రం నేల మీద ఉన్నారు. మధ్యాహ్నం దాటితే కంపెనీ పేరు ఆ ఊళ్ళో మట్టిలో కలిసినట్టే!

“పద! నువ్వు కూడా రా. మీ నాయనకు నువ్వే చెప్పుకో!” అని సాయినాథ్ కారు తాళాలు లాక్కున్నాడు.

“నేనూ వస్తా” అంది అన్నపూర్ణమ్మ చెంగు నడుముకు దోపుకుంటూ.

“పూజ, అత్తమ్మా?”

“అమ్మవారు కూర్చోనుంటుంది. గిరాకీ కూర్చోదు. పక్కింటి ప్రమీలమ్మను దీపం చూసుకోమని చెప్పి బిన్నా రా!”

కారు సోమందేపల్లి దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడినదంతా ఫోనే! “మా వదినకు వాయనం పోలేదు” అని ఒకావిడ. “దుడ్లు కట్టించుకుని బండి పంపరా” అని ఇంకొకావిడ. సాయినాథ్ ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఫోను పట్టుకుని అందరికీ “వస్తాండాదమ్మా, దార్లో ఉండాది” అని చెబుతుంటే, అద్దంలో అతని ముఖం చూసి చౌడేశ్వరికి జాలీ వేసింది, కోపమూ వచ్చింది.

కిటికీలోంచి వేరుశనగ చేలు వెనక్కి పరిగెడుతున్నాయి. ఆమె కళ్ళకు మాత్రం నాయనే కనబడుతున్నాడు. ఎప్పుడు హిందూపురం వచ్చినా ఆయనది ఒకటే పద్ధతి. కూతురింట్లో భోంచేస్తాడు. లేచేటప్పుడు తమలపాకులో ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఆమె అరచేతిలో ఉంచుతాడు. కూతుర్ని ఇచ్చిన ఇంటి నుంచి ఊరికే ఏదీ పుచ్చుకోకూడదని ఆయన పట్టింపు. “ఒక్క పూట కూడు తింటే మా ఆస్తులు కరిగిపోతాయా అన్నా?” అని అన్నపూర్ణమ్మ ఎంత ఎగతాళి చేసినా నవ్వుతాడే కానీ ఆ రూపాయి పెట్టక కదలడు. కిందటేడు మగ్గం పని తగ్గిందని తెలిసి, చౌడేశ్వరి సంచిలో కొంత డబ్బు దాచి పంపింది. బస్సు దిగాక చూసుకున్నాడో ఏమో, మర్నాటి బస్సుకే వెనక్కి వచ్చి దాన్ని దేవుడి గూట్లో పెట్టి వెళ్ళిపోయాడు! మంచినీళ్ళు కూడా తాగలేదు!

అలాంటి మనిషి అల్లుడి కంపెనీలోనే ఎందుకు చేరాడు? చేరినవాడు ఎందుకు ఎదురు తిరిగాడు? ఎంత ఆలోచించినా ఆమెకు అందలేదు.

పెనుకొండలో సాయినాథ్ కారు ఆపి అక్కడి ఆఫీసులోకి పరుగెత్తాడు. ధర్మవరానికి అక్కడి మనుషులను తీసుకుపోదామని అతని ఎత్తు. కానీ తిరిగొచ్చేసరికి అతని ముఖం మాడిపోయి ఉంది. తలుపు ధడాలున వేశాడు.

“ఈడ కూడా ఫోన్లు ఆపేసినారు! ధర్మవరం తేలేదాకా బండి తీయరంట! అంతా మీ నాయన పుణ్యమే!” అంటూ వెనక్కి తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “ఈశ్వరీ, ఇది ఒకటే మాట. బ్యాంకులో ఇల్లు పెట్టి తెరిచినా ఆ బ్రాంచి. ఆడికి పోతూనే మీ నాయన్ని లేపు. నీ మాట మీద ఆయన లేస్తే సరి. లెయ్యకుంటే... నువ్వు ఆడే ఉండిపో! నాతో కారెక్కద్దు!”

“సాయీ!” అంది అన్నపూర్ణమ్మ.

“నువ్వు సుమ్మనుండమ్మా!”

చౌడేశ్వరికి ఏడుపు కూడా రాలేదు. ఒక వైపు తాళి కట్టినవాడు... ఇంకో వైపు కన్నవాడు! ఎవరి చేయి వదిలినా తాను సగమైపోదూ! పెనుకొండ నుంచి ధర్మవరం దాకా ఆమె తాళిబొట్టును గట్టిగా పట్టుకుని, “అమ్మా వరలక్ష్మీ, రెండిళ్ళూ నిలబెట్టు తల్లీ” అని ఒకటే మొక్కుకుంది.

ధర్మవరం ఆఫీసు ముందు తిరునాళ్ళలా ఉంది! రోడ్డుకు అటూ ఇటూ చీరల కొట్ల వాళ్ళు మెట్ల మీదికి వచ్చి చూస్తున్నారు. కనకాంబరాల బుట్ట పెట్టుకున్న ఆవిడ కూడా బేరాలు మానేసి చెవి ఇటు వేసింది. కారు ఆగగానే కూర్చున్నవాళ్ళలో కలకలం. ఆంజనప్ప తలెత్తి చూశాడు. కూతుర్ని చూడగానే ఆయన చేయి తనకు తెలియకుండానే టీషర్టు మీది కంపెనీ పేరును కప్పుకోబోయింది. అది చూసి చౌడేశ్వరి తట్టుకోలేకపోయింది!

“నాయనా!” అని పరుగెత్తి ఆయన ముందు కూలబడింది. “ఏంది నాయనా ఇది! ఎంత నల్లబడినావు! మగ్గం ఆడతాండాదని చెప్తివే!”

“మగ్గం ఆగిపోయింది పాపా. మిషను మగ్గాల చీరలు వచ్చినంక చేతి చీరకు కూలి గిట్టలేదు. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే నడుము కూడా పట్టేస్తాండాది. బండి తోలేకి నడుము బాగానే ఉంటుందిలే” అని నవ్వబోయాడు ఆంజనప్ప. “నీకు చెప్తే నువ్వు ఏడుస్తావని చెప్పలేదు. ఇప్పుడేమో చెప్పకనే ఏడిపిస్తి.”

ఇంతలో సాయినాథ్ వచ్చి నిలబడ్డాడు. అందరి ముందూ గొంతు తగ్గించి, “మామా, లేయండి. మీకేం కావల్లో నాకు చెప్పండి. నెలనెలా ఇంటికి పంపిస్తా. ఈ వయసులో మీకీ పని ఎందుకు? దయచేసి లేసి ఇంటికి పోండి” అన్నాడు. అతని మాటలో కపటం లేదు. నిజంగానే పంపేవాడు.

ఆంజనప్ప లేవలేదు. “ఈడ నేను మామను కాదు సార్. బండి తోలేవాన్ని. మీరు ఊరికే ఇచ్చేది నేను ముట్టను. అది నా బిడ్డ ఇంటి సొమ్ము. చేసిన పనికి కూలి ఇయ్యండి, రెండు చేతులా తీసుకుంటా. కూలి తీసుకునేదాంట్లో ఏ తప్పూ లేదనే గదా మీ కంపెనీలో చేరింది!”

“కూలి ఇస్తానే ఉండా గదా మామా!”

“ఇయ్యలేదు సార్.” పెద్దాయన మాట తడబడలేదు. “నేను చేరినప్పుడు ట్రిప్పుకి ముప్పై రూపాయలన్నారు. టిప్పు గిరాకీల సంతోషం, అది వేరే అన్నారు. నాకేమో ఆ టిప్పు మీ ఫోనులోంచి వస్తుంది. అల్లుని ఇంటి నుంచి వచ్చే ఈనాము అనుకుని భయపడితి. గడప గడపకీ ‘టిప్పు పెట్టొద్దమ్మా, నాకు పనికిరాదు’ అని చెప్పుకుంటా వస్తి. ఈ ఇమ్మానుయేలు ఉండాడే, వీడికి దినమూ టిప్పులు. ఇద్దరం ఒకటే మాదిరి తిరిగినాం. శనివారం వారం కూలి చూసుకుంటే... ఇద్దరికీ వచ్చింది ఒకటే!”

పక్కనే కూర్చున్న ఇమ్మానుయేలు లేచి నిలబడ్డాడు. “అవును సార్! టీ అంగట్లో ఇద్దరం మొగాలు చూసుకున్నాం. గిరాకీ నాకు ఇరవై టిప్పు పెడితే, మీరు పది ఇచ్చి ముప్పై చేస్తాండారు. అన్నకు టిప్పు లేదు కాబట్టి ముప్పై మీరే ఇస్తాండారు. మరి మాకు పెట్టిన టిప్పు యాడికి పాయె సార్? అన్న కూడా టిప్పు తీసుకుని ఉంటే మాకు ఈ జన్మలో తెలిసేది కాదు!”

అంతే! కూర్చున్న వాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. చీరల కొట్ల మెట్ల మీద కూడా “అదెట్లప్పా!” “అన్యాయం గదా!” అని కేకలు.

చౌడేశ్వరి నెమ్మదిగా తల తిప్పి భర్త వైపు చూసింది. ధర్మవరంలో ఒంటరిగా ఉండే తన మేనత్తకు వారం వారం ఫోనులో ఈ కంపెనీకే ఆర్డరు పెట్టి టిఫిను పంపేది తాను. ప్రతిసారీ టిప్పు దగ్గర ఇరవై నొక్కేది. ఎండలో వచ్చేవాడికి ఒక పూట టీ నీళ్ళకైనా వస్తుందని ఎంత సంబరపడేది! ఆ నొక్కేటప్పుడు పక్కనే కూర్చుని నవ్వేవాడు కదూ ఈయన!

“మీరు నవ్వేది... అందుకా?” అంది. “నేను బండి అబ్బాయికని పెట్టిన దుడ్లు మన ఇంటికే వచ్చేటివా? నా చేత్తో నేనే ఎవరి కూలో కోసి... ఈ గాజులు కూడా వాటితోనేనా ఏమండీ!”

“ఈశ్వరీ, అట్ల కాదు! ఇది లెక్క... మోసం కాదు! ముప్పై వస్తుందన్నాం, ముప్పై ఇచ్చినాం! అన్ని చోట్లా ఇట్లనే చేస్తారు!”

“లేపమన్నారు గదా మా నాయన్ని? లేపను.” ఆమె కన్నీళ్ళు తుడుచుకుని, కొత్త పట్టుచీర దుమ్ములో పడుతున్నా చూసుకోకుండా, తండ్రి పక్కన చక్కాముక్కాలు వేసుకుని కూర్చుంది. “నేనూ లెయ్యను. ఈడనే ఉంటా. మీరు కారెక్కండి.”

“పాపా! తప్పు! లెయ్ తల్లీ!” ఆంజనప్ప కంగారుపడిపోయాడు. “నా కోసం నీ కాపురం... వద్దమ్మా! ఒరే ఇమ్మానుయేలూ, లేయండప్పా, పని మొదలుపెట్టండి! నా బిడ్డ బతుకు కంటే నాకు కూలి ఎక్కువా!”

ఆయన నిజంగానే లేవబోయాడు. ఆ క్షణంలో సాయినాథ్ గెలిచేవాడే! కానీ కారు తలుపు చప్పుడైంది. అన్నపూర్ణమ్మ దిగింది.

ఆవిడ దారి పొడుగునా వియ్యంకుడికి అంటించాల్సిన వాతలన్నీ మనసులో వరసగా పేర్చుకునే వచ్చింది. ఆ వాతలు ఇప్పుడు ఎవరికి పడ్డాయో చూడాలి!

“సాయీ, వాళ్ళు చెప్పింది నిజమా?”

“అమ్మా, నీకు ఈ వ్యాపారం తెలీదు...”

అయిపోయింది! ఆ మాట ఒక్కటి అనకుండా ఉండాల్సింది ఆ పిల్లవాడు!

“నాకు వ్యాపారం తెలీదా!” రోడ్డు మొత్తం దద్దరిల్లింది. “మీ నాయన హనుమంతు పోయిన పదో దినం నుంచి మన కిరాణా అంగట్లో తక్కెడ పట్టింది ఎవర్రా? నీకు చదువు చెప్పించింది ఏ వ్యాపారం? కేజీ కందిబ్యాళ్ళు తూచినంక పిడికెడు కొసరు ఏసేదాన్ని. కేజీ కేజీనే, కొసరు కొసరే! ఆ కేజీలోంచి పిడికెడు తీసి, మళ్ళా దాన్నే కొసరని ఏస్తే జనం నా మొగాన ఉమ్మరా? నువ్వు చేసింది అదేరా! గిరాకీ తన సంతోషం కొద్దీ వానికి కొసరేస్తే, నువ్వు తూకంలో కోసుకుంటాండావు!”

“బ్యాంకు వడ్డీ ఎవరు కడతారమ్మా? రేటు పెంచితే గిరాకీ రాదు!”

“అడిగి చూసినావా? డెలివరీకి ఇంకో అయిదు రూపాయలు కావల్ల తల్లీ అని గిరాకీని అడిగేకి నీకు దమ్ము లేదు. అందుకని ఎండలో తిరిగేవాని నోటికాడి కూడు లాగుతావా!” అని అన్నపూర్ణమ్మ చుట్టూ చూసింది. చీరల కొట్టు మెట్ల మీద నిలబడిన ఆడవాళ్ళ వైపు చేయి ఊపింది. “ఏమమ్మా! మీరు చెప్పండి! ఈ ఓళిగలు మీ ఇంటికాడికి మోసుకొచ్చేవానికి అయిదు రూపాయలు జాస్తి ఇస్తారా, ఇయ్యరా?”

“ఇస్తాం లేమ్మా! కాకుంటే వానికే చేరల్ల!” అని ఒకావిడ గట్టిగా అరిచింది. ఆవిడ ఆర్డరు కూడా ఆ గోడెత్తు డబ్బాల్లోనే ఉందని తర్వాత తెలిసింది.

సాయినాథ్ నిలబడిపోయాడు. చుట్టూ ఇంతమంది... ఎదురుగా నేల మీద భార్య. చిన్నప్పుడు అంగట్లో అమ్మ పిడికెడు కొసరు వేస్తుంటే, కొన్నవాళ్ళ ముఖాలు ఎలా విచ్చుకునేవో అతను చూడనిది కాదు. ఎప్పుడు మరిచిపోయాడు అది? ఒక్కసారిగా మోకాళ్ళ మీద కూర్చుని మామగారి చేతులు పట్టుకున్నాడు.

“తప్పయిపోయింది మామా... తప్పయిపోయిందప్పా అందరికీ! ఈ పొద్దు నుంచి టిప్పు అంతా మీదే, పైసా ముట్టను. ట్రిప్పు రేటూ పెంచుతా. హోటలు కాడ కాచుకున్న టైముకు కూడా కట్టిస్తా. ఇంతవరకూ కోసుకున్నది నెలనెలా కొంచెం కొంచెంగా తీర్చేస్తా... నా మీద నమ్మకముంటే లేయండి!” అని, కళ్ళు ఎత్తలేక భార్య పాదాల వైపు చూస్తూ, “ఈశ్వరీ... కారెక్కద్దన్నా గదా. ఆ మాట నోట్లో నుంచి ఎట్లా వచ్చెనో నాకే తెల్దు” అన్నాడు.

చౌడేశ్వరికి ఆపుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది! తండ్రి భుజం మీద తల పెట్టి, భర్త చేయి గట్టిగా పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

ఆంజనప్ప అల్లుడి భుజం తట్టాడు. తర్వాత లేచి నిలబడి, హెల్మెట్ నెత్తిన పెట్టుకుని కేక వేశాడు. “ఏందప్పా ఇంకా చూస్తాండారు! అమ్మవారి వాయనం ఆడ ఎండుతాండాది! లేయండి, లేయండి!”

అబ్బ! ఆ తర్వాతి సందడి చూడాలి! బండ్లన్నీ ఒక్కసారి గుర్రుమన్నాయి. చీరల కొట్ల వాళ్ళు ఈలలు వేశారు. పెనుకొండకు కబురు పోయింది, అక్కడా ఫోన్లు వెలిగాయి. అన్నపూర్ణమ్మ ఆఫీసులోకి దూరి, డబ్బాలు అందిస్తూ, “ఒరే, శివానగర్‌వి ఇటు! ఏయ్ మనోజ్, నిలబడి చూడొద్దు, చీటీ చదువు!” అని మనోజ్‌ను బొంగరంలా తిప్పింది. మనుషులు చాలక సాయినాథ్ తానే ఒక బండి తీశాడు. చౌడేశ్వరి ఒళ్ళో డబ్బాలు పేర్చుకుని నాయన ఎక్సెల్ బండి వెనక ఎక్కింది. పట్టుచీర చెంగు గాలికి ఎగురుతుంటే, సందుసందునా ఆడవాళ్ళు “వచ్చె వచ్చె!” అని వాకిళ్ళలోకి ఉరికొస్తుంటే, ఆమెకు నవ్వు ఆగలేదు! చిన్నప్పుడు ఇదే బండి మీద బడికి పోతూ నాయన వీపుకు ఇలాగే చెంప ఆనించుకునేది.

ఆఖరి డబ్బా ఇచ్చి వచ్చేసరికి సాయినాథ్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. ఒక మేడ కింద గేటు తీసేదాకా ఎండలో ఎంతసేపు నిలబెట్టారో, ముఖం కందిపోయింది. చేతిలో ఇరవై రూపాయల నోటు.

“అమ్మా, నాకు టిప్పిచ్చినారు!” అన్నాడు పరీక్ష పాసైన పిల్లవాడిలా.

“యాడ, ఇట్ల తే! నీ కూలీలో కోసుకుంటా!” అంది అన్నపూర్ణమ్మ చేయి చాపి. మెట్ల మీద కూర్చున్న వాళ్ళంతా పడీపడీ నవ్వారు. సాయినాథ్ కూడా నవ్వాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే.

హిందూపురం పోయి పూజ చేసే పొద్దు మించిపోయింది. “అక్కడ ప్రమీలమ్మ దీపం చూసుకుంటాంది. అమ్మవారు ఈడికి రాదా ఏంది!” అని అన్నపూర్ణమ్మే తేల్చేసింది. ఆంజనప్ప ఇంట్లో, ఆగిపోయిన మగ్గం పక్కన పీట వేసి కలశం పెట్టారు. మగ్గానికి పసుపు కుంకుమ రాసి చౌడేశ్వరి హారతి ఇచ్చింది. కానీ నైవేద్యానికి ఇంట్లో ఏముంది? ఒంటరి మగవాడి వంటిల్లు! అన్నపూర్ణమ్మ కోడలి ఫోను తీసుకుని, అద్దాలు సవరించుకుని, ఆఫీసుకు డబ్బాలు చేసిచ్చిన వంటింట్లోనే ఓళిగలు ఆర్డరు పెట్టింది. ఆర్డరు ఎవరికి పడిందనుకున్నారు? ఇంకా హెల్మెట్ తీయని ఆంజనప్పకే!

కాసేపటికి ఆయన వచ్చి తన ఇంటి గడప బయటే నిలబడ్డాడు. “ఆర్డరమ్మా!” అని పిలిచాడు పద్ధతిగా.

అన్నపూర్ణమ్మ గడపలోకి వచ్చి డబ్బా అందుకుంది. చెంగు ముడి విప్పి ఒక యాభై నోటు చాపింది. ఆంజనప్ప వెంటనే వెనక్కి తగ్గాడు.

“వద్దక్కా! మీ ఇంటి నుంచి...”

“మా ఇంటి నుంచి కాదన్నా. వియ్యపురాలిగా ఇస్తే నువ్వు తీసుకోవని నాకు తెల్దా! నేను ఓళిగలు తెప్పించుకున్న గిరాకీని. ఎండన పడి తెచ్చినావు, నాకు సంతోషమాయె. కూలి నీ కంపెనీ ఇస్తుంది. ఇది నా కొసరు.”

ఆంజనప్ప ఎటూ తేల్చుకోలేక కూతురి వైపు చూశాడు. ఆమె కళ్ళతోనే తీసుకోమంది. ఆయన అల్లుడి వైపు తిరిగి, మీసాల కింద నవ్వు దాచుకుంటూ, “ఇది కూలీలో కోసుకోరు గదా సార్?” అన్నాడు.

“సార్ అనొద్దు మామా! చంపకండి!” అని సాయినాథ్ రెండు చేతులూ జోడించాడు.

ఆంజనప్ప ఆ నోటును రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. బండి తోలడం మొదలుపెట్టాక ఆయన తీసుకున్న మొదటి టిప్పు అది. జేబులో పెట్టుకోలేదు. సందు మొగలో పోతున్న పూలావిడను పిలిచి, “ఈ దుడ్లకు ఎన్ని మూరలు వస్తే అన్ని కొయ్యమ్మా” అన్నాడు. నిండుగా కట్టిన కనకాంబరాల మాలతో గడప దాటి లోపలికి వచ్చి కూతురి చేతుల్లో పెట్టాడు.

తమలపాకు కోసం చౌడేశ్వరి కళ్ళు అలవాటుగా ఆయన చేతులు వెదికాయి. అది చూసి ఆయన నవ్వాడు.

“ఈ పొద్దు రూపాయి బిళ్ళ లేదు పాపా. ఊరికే తిన్నది ఏమీ లేదు గదా. ఇది నేను సంపాయించింది.”

ఆమె మాలను సగానికి తెంపి అత్తగారి కొప్పులో తురిమింది. మిగతా సగం అన్నపూర్ణమ్మ తీసుకుంది. “తల వంచు కోడలా” అంది. చౌడేశ్వరి నాయన ముందు, మగ్గం పక్కన, తల వంచి నిలబడింది.